హంపన్న వాసన

హంపన్న అబద్ధాలకోరని కెంచనగుడ్డ గ్రామసభలో తేలిపోయింది. తేల్చినవాడు ఫారెస్టు గార్డు శ్రీమన్నారాయణ. "నా శనగచేన్లో జింకలు పడి మేస్తాండాయి సార్" అని హంపన్న లేచి నిలబడి మొరపెట్టుకుంటే, ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఫోటో ఉండాదేమప్పా? ఫోటో లేకుంటే జింక లేనట్టే" అన్నాడు. సభ ఘొల్లుమంది. నవ్విన వాళ్లందరివీ కాలువ కింది వరిమళ్లు. జింకలు అటువైపు కన్నెత్తి కూడా చూడవు. కాలువ నీళ్లెక్కని మిట్ట మీద, తుమ్మచెట్ల పక్కన శనగ వేసినవాడు ఊరు మొత్తానికి హంపన్న ఒక్కడే. యాభై రెండేళ్లలో ఒక్క బొంకు కూడా బొంకని మనిషికి ఆ నవ్వు గొంతులో ముల్లై కూర్చుంది. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు, మాట పోతే ఏ విత్తనం వేయాలి?

జింక మీద రాయి విసిరినా కేసే. కాబట్టి ఫోటో ఒక్కటే దారి. చేను నడుమ నాలుగు గుంజలు పాతి, చుట్టూ పాత టార్పాలిన్ బిగించి, పైన జొన్నచొప్ప కప్పి, ఫోను పట్టేంత కంత పెట్టి హంపన్న ఒక గూడు కట్టాడు. కట్టడం అయిందో లేదో భార్య నింగమ్మ టెంకాయ, నిమ్మకాయలు పట్టుకుని వచ్చేసింది. కొత్తగా కప్పు వేసినాక పూజ చేయకుండా ఎవరైనా కాలు పెడతారా? ఆవిడ లోపల వేసిన సాంబ్రాణి పొగకు చేలో మిడతలు కూడా తుమ్మాయి. మూడు రోజుల దాకా ఆ గూట్లో కూర్చుంటే గుళ్లో కూర్చున్నట్టే ఉంది.

సాంబ్రాణి వాసన పోయాక కూడా జింకలు రాలేదు. తెల్లవారేసరికి తుమ్మచెట్ల దాకా వచ్చేవి, ముక్కులెత్తి గాలి పీల్చేవి, వెనక్కి తిరిగేవి. ఆయన సద్ది తినడానికి ఇంటికి పోగానే వచ్చి మేసి, పెంటికలు వేసి పోయేవి.

సిరుగుప్పలో మొబైల్ అంగడి పెట్టుకున్న చెల్లెలి కొడుకు మౌనేష్ సంగతంతా విని, ఫోనులో ఒక వీడియో చూపించాడు. "చూడు మామా, అమెరికావోళ్లు మూసిన డబ్బాలో కూసోని జింకల్ని కొడ్తారు. తుపాకీ పట్టుకునే ముందు ఒంటి వాసన చంపుకుంటారు. సబ్బు లే, సెంటు లే, బీడీ లే. నువ్వు గూట్లో ఉండేది అవి చూడలే మామా, వాసన పట్టినాయి."

హంపన్నకు ఇది టక్కున ఎక్కింది. పందులు రాకుండా ఊళ్లోవాళ్లు మంగలి అంగడి నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లడం పుట్టినప్పటి నుంచి చూస్తున్నాడు. తల మీంచి రాలిన వెంట్రుకకే పంది పారిపోతే, తలతో సహా కూర్చున్న మనిషికి జింక ఎందుకు పారిపోదు?

మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. హంపన్న బీడీ మానేశాడు. తలనూనె మానేశాడు, ఆ తర్వాత తలవెంట్రుకలే తీయించేశాడు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, ఎర్రకారం ముట్టలేదు. మిరపకాయ బజ్జీ పక్కకు నెట్టి వట్టి బొరుగుల ఉగ్గాణి తిన్న మనిషి బళ్లారి జిల్లా మొత్తానికి ఆయనే అయి ఉంటాడు. ఏటి ఇసుకతో ఒళ్లు రుద్దుకున్నాడు. ఉన్న బట్టలన్నీ బూడిదనీళ్లలో ఉడకబెట్టి తుమ్మకొమ్మల మీద ఆరేశాడు. అప్పుడు లెక్కకు ఒక చొక్కా తగ్గింది.

"మే నింగమ్మా, నీలం చొక్కా యాడుండాది?"

"ఎలుకలు కొట్టినాయి. పారేసినా" అంది ఆవిడ, పొయ్యి వైపు తిరిగి.

రోజూ సాయంత్రం నడవలో నిలబడి, తనను వాసన చూడమనేవాడు. నింగమ్మ మెడ దగ్గర, చంకల దగ్గర, వీపు మీద ముక్కు పెట్టి చూసి చెప్పేది. "బీడీ పోయింది. ఎల్లిగడ్డ పోయింది. ఇంగా నువ్వుండావు."

"నేనా? నేనెట్లుంటా?"

"ఎట్లనో ఉంటావు. ఇరవై ఎనిమిదేండ్ల నుంచి పక్కలో ఉండాదాన్ని, నాకు తెల్దా?"

"అదే తీసెయ్యాల" అన్నాడు హంపన్న పట్టుదలగా. నింగమ్మ లోపలికి పోయింది.

నాలుగో వారం ఒక సాయంత్రం ఆవిడ చాలాసేపు వాసన చూసింది. "లే" అంది చివరికి. "ఏమీ లే." కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన ఆ నీళ్లు చూడలేదు. పరీక్ష పాసైన వాడిలా గంతేశాడు.

అక్కడి నుంచి ఇల్లు ఇల్లులా లేదు. పెంచిన కుక్క కరియ ఆయన్ను చూసి గడప దాటనివ్వకుండా మొరిగింది. బర్రె ఆయన చేతికి పాలు చేపడం మానేసింది. వంటింట్లో నింగమ్మ వెనక్కి తిరిగి ఉలిక్కిపడేది. "ఎప్పుడొచ్చినావు? మనిషి వచ్చినట్టే లేకుండాది!" హంపన్నకు కొంచెం బాధ కలిగింది. కానీ మాట నిలబెట్టుకునే పనిలో ఉన్నవాడికి బర్రెను బుజ్జగించే తీరిక ఎక్కడిది?

ఆ వారంలోనే, తెల్లారి మంచు ఆరకముందే జింకలు వచ్చాయి. పన్నెండు. మెలికల కొమ్ముల నల్లపోతు ముందు, గోధుమరంగు ఆడవి వెనక. శనగ కొరుక్కుంటూ కొరుక్కుంటూ గూటి దాకా వచ్చాయి. ఒక ఆడజింక కంతలో ముక్కు పెట్టి ఆయన మొహం మీద ఊపిరి వదిలింది. హంపన్న మురిసిపోయాడు. ఫోటోల మీద ఫోటోలు తీశాడు. కళ్లముందే అరెకరం శనగ నున్నగా అయిపోతుంటే, అదిలించాలన్న సంగతే గుర్తు రాలేదు.

ఆ ఫోటోలు పట్టుకుని సిరుగుప్ప ఫారెస్టాఫీసుకు బస్సెక్కాడు. శ్రీమన్నారాయణ ఒక్కొక్కటే చూశాడు. జింక కన్ను. జింక చెవి. ఫోను నిండా జింక ముక్కు, దాని మీది చెమ్మతో సహా.

"శానా దగ్గర్నుంచి తీసినావప్పా" అన్నాడు నెమ్మదిగా. "అడివి జింక మనిషి వాసనకు ఇంత దగ్గరికి వస్తుందా? ఇది సాకిన జింక. జింకను సాకేది ఎంత పెద్ద నేరమో తెలుసునా?"

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే ఇదే. నిన్నటి దాకా జింకే లేదన్న మనిషి ఇప్పుడు పన్నెండింటినీ ఆయన మెడకు కట్టేస్తున్నాడు. "నాకు వాసన లేదు సార్" అన్నాడు చివరికి. వాసన లేని మనిషి గురించి రాయడానికి ఆ ఆఫీసులో ఏ కాగితమూ లేదు.

మరునాడు పొద్దున్నే శ్రీమన్నారాయణ చేనికి వచ్చి, తన వాసన జింకలకు తగలకుండా గాలికి అవతల గట్టు మీద నిలబడ్డాడు. "నువ్వు వాటి దగ్గరికి పో. కేకలెయ్యొద్దు, ఊరికే సుమ్నే నడువు. పారిపోతే అడివివి. పారిపోకుంటే నీవి. నీతోపాటు అన్నింటినీ బండెక్కిస్తా."

హంపన్న నడిచాడు. జింకలు తలలెత్తి చూసి, మళ్లీ మేతలో పడ్డాయి. ఆయన మనసులోనే వేడుకున్నాడు, పారిపోండే, మీ కాళ్లకు మొక్కుతా. వాసన లేని మనిషి వాటి లెక్కలో ఒక చెట్టు. ఆడజింక వచ్చి ఆయన చేయి నాకింది. గట్టు మీద శ్రీమన్నారాయణ నోటుపుస్తకం తెరిచాడు.

అప్పుడు వెనక నుంచి, గాలికి ఎదురుగా నింగమ్మ వచ్చింది, వంగి వంగి, శబ్దం లేకుండా. ఆవిడ చేతిలో నీలం చొక్కా ఉంది. ఏ ఎలుకా కొట్టలేదు. సంవత్సరం పాటు చెమట, బీడీ, ఎల్లిగడ్డ, టెంకాయ నూనె తాగిన చొక్కా. దాన్ని ఆయన భుజాల మీద కప్పింది.

ఆడజింక ముక్కు ఒక్కసారి అదిరింది. మరుక్షణం పన్నెండూ గాల్లోకి లేచాయి. తుమ్మచెట్ల అవతల దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు.

శ్రీమన్నారాయణ ఆ దుమ్మును చూశాడు. తర్వాత కొరికేసిన శనగను చూశాడు. "అడివివే" అన్నాడు గొణుగుతూ. "మేసింది కూడా నిజమే. రాసుకుంటా."

"నాకు రాసేది ముఖ్యం కాదు సార్" అన్నాడు హంపన్న. "ఈ మాట గ్రామసభలో చెప్పాల. ఆ పొద్దు నవ్వినోళ్లంతా ఉండాల."

ఆయన హంపన్నను ఎగాదిగా చూసి, తలూపి బండెక్కాడు.

గట్టు మీద నుంచి కరియ ఉరికొచ్చి, మోకాళ్ల మీదికి ఎగబడి, తోక తెగేలా ఊపింది. హంపన్న దాని తల నిమురుతూ అడిగాడు.

"చొక్కా పారేసినా అంటివే?"

"నువ్వు ఇంట్లో ఉండావో లేదో తెలిసేది కాదు" అంది నింగమ్మ, తుమ్మచెట్ల వైపు చూస్తూ. "దాన్ని తలకింద పెట్టుకుంటేనే నిద్ర పట్టేది."

ఎండ ఎక్కుతోంది, చొక్కా చెమటకు ఒంటికి అంటుకుంటోంది. హంపన్న దాన్ని విప్పబోయాడు.

"ఇప్పొద్దు" అంది నింగమ్మ. "ఇంటికి పోదాం పా."