పలకల గని ఇంజను

వానలు పట్టేసరికి మార్కాపురం చుట్టుపక్కల పలకల గనుల్లో పని ఆగిపోయింది. గిద్యోను మాత్రం రాతి కొట్టంలో ఇంజను ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. గనిలో ఊరే నీళ్లు తోడేది ఆ చిన్న పెట్రోలు ఇంజనే. పాలెంలోని క్రైస్తవ కుటుంబాలన్నీ కలిసి కొన్నాయి దాన్ని. అది ఉన్నన్నాళ్లూ గని వాళ్లది. అది పోతే మళ్లీ పక్క గని బాలయ్య దగ్గర కూలే గతి.

వానకాలం గడిచేదాకా అది చెడకుండా ఉండాలి. టాంకీలో మిగిలిన పెట్రోలంతా డబ్బాలోకి వంపేశాడు. ప్లగ్గు విప్పి ఆ బెజ్జంలో కాస్త నూనె పోశాడు. ఇక చక్రం మెల్లగా తిప్పితే నూనె లోపలంతా పట్టుకుంటుంది, తుప్పు రాదు. ఆ తర్వాత ప్లగ్గు బిగించడమే.

తలుపు దభాలున తెరుచుకుంది. బాలయ్య. వెనకే గడ్డపారతో అతని మనిషి చెన్నడు.

"ఏంది గిద్యోనూ, పసిబిడ్డకు నూనె అంటుతుండావా?"

"వానలు పోయేదాకా పండబెడుతుండా అన్నా."

"మా కొట్టంలో పండుకుంటాదిలే. బండి తెచ్చినా. ముందు ఒకపాలి ఆడించు, చూస్తా."

"ఇది నా ఒక్కడిది కాదన్నా, ఇచ్చేదానికి."

గడ్డపార దిగింది. ఇంజను కింది చెక్క మీద గిద్యోను ఆనించిన ఎడమచేతి వేళ్లు చితికిపోయాయి. అతను నోరు తెరిచేలోపే చెన్నడి కాలు డొక్కలో పడింది. గోడకు కొట్టుకుని కూలబడ్డాడు.

"లోపల పెట్రోలుందేమో చూడరా," అన్నాడు బాలయ్య.

చెన్నడికి తెలిసిందల్లా లాంతరు. ప్లగ్గు బెజ్జాన్ని చమురు పోసే మూతి అనుకున్నాడు. లాంతర్లోకి చూసినట్టే దాని మీదికి వంగాడు.

"ఏమీ కనపడలా అన్నా. ఆ చక్రం కదుల్తాదేమో చూడు."

బాలయ్య చక్రం పట్టుకుని బలంగా ఒక్క తిప్పు తిప్పాడు. లోపలి నూనె పిచికారీలా ఎగజిమ్మి చెన్నడి కళ్లలో కొట్టింది.

"అమ్మో, నా కళ్లు! చంపుతా నిన్ను!"

గిద్యోనే ఏదో చల్లాడనుకుని గడ్డపారను గుడ్డిగా విసిరాడు. అది బాలయ్య మోకాలికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు కొట్టమంతా వినబడింది. చెన్నడు గోడలు తడుముకుంటూ వానలోకి పరిగెత్తాడు.

బాలయ్య డబ్బా పక్కనే పడ్డాడు. నొప్పికి మెలికలు తిరుగుతూనే నవ్వాడు.

"నాకు దక్కంది మీకూ దక్కనీనురా!"

డబ్బా తన్నేశాడు. పెట్రోలు ఇంజను కిందికి పారింది. బాలయ్య మొలలోంచి అగ్గిపెట్టె తీశాడు. వానకు తడిసిన పుల్ల విరిగింది. ఇంకోటి తీశాడు.

"వద్దన్నా!"

పుల్ల పెట్టె మీద ఆనింది. గోడ వార అంచులు కొట్టని పలకలు పేర్చి ఉన్నాయి. గిద్యోను కుడిచేత్తో ఒకటి లాగి, ముందుకు దూకి దాని పదును అంచుతో బాలయ్య మెడ మీద వేశాడు. నెత్తురు చిమ్మింది. పుల్ల వెలగకుండానే అందులో రాలింది. బాలయ్య కాళ్లు కొంతసేపు కొట్టుకుని ఆగిపోయాయి.

ఇంజను మీద కప్పడానికి గోతాలు తెచ్చిన గిద్యోను భార్య ఎలీషబా గడప దగ్గరే నిలబడిపోయింది.

"చంపినావా?"

"చంపినా. స్టేషనుకు నేనే పోతా." ప్లగ్గు ఆమె చేతిలో పెట్టాడు గిద్యోను. "మళ్లా ఎప్పుడొస్తానో. వానలు పోయినాక దీన్ని నడిపేది నువ్వే. ఈ వాసన పోయేదాకా తలుపు తీసే ఉంచు, దీపం దగ్గరికి రానీయొద్దు."

"నాకేం తెలుసయ్యా?"

"చెప్తా. ఉన్న నూనె పోయింది, మళ్లా కొంచెం పొయ్యి. ఇప్పుడు తిప్పు. మెల్లగా. మొగం పక్కకు పెట్టుకో."

ఆమె ఏడుస్తూనే తిప్పింది. తర్వాత ప్లగ్గు పెట్టి మర తిప్పసాగింది.

"గట్టిగా బిగించాల్నా?"

"బిగుసుకోంగానే ఆపు. మరీ బిగిస్తే మర పోతాది."

ఆమె చెయ్యి ఆగేదాకా చూసి, గిద్యోను వానలోకి నడిచాడు.