జరిపిన హద్దురాయి

నా రాతలో తప్పులుంటే మన్నించండి. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలు. ఒక్కో మాటకు చాలాసేపు పడుతుంది.

కామారెడ్డి కొత్త మాస్టర్ ప్లాన్ పటం మున్సిపల్ ఆఫీసు గోడకు అంటించారని విని, మరిది హన్మండ్లుతో వెళ్ళాను. అతనికి చదువు రాదు. మా చేన్లు పక్కపక్కనే, నడుమ ఒక్క హద్దురాయి. నా భర్త పోయాక నా ఎకరన్నరే నాకు దిక్కు. పటంలో మా సర్వే నంబరు వెతికి ఎర్ర గీత మీద వేలు పెట్టాను.

"వంద ఫీట్ల రోడ్డు. రాయి పక్కపొంటి నీ దిక్కే పోతున్నది."

ఊరికి తిరిగొచ్చాక అతను ఇంటికి పోకుండా నేరుగా చేనుకే పోయాడు.

మర్నాడు పొద్దున చేనుకు వెళ్తే, గడ్డపారతో రాయిని పెకిలించి నా మొక్కజొన్నలోకి దొర్లిస్తున్నాడు.

"ఏంది గిది?"

"సర్వేయరు రాయి కాడ్నుంచే టేపు పెట్టి కొలుస్తడు వదినా. రాయి జరిగితే రోడ్డు జరుగుతది. ఒక్కదానివి, నీకెందుకు గింత భూమి?"

"మీ అన్న పాతిన రాయిరా! సిగ్గులేదా?"

"సదువుకున్నవు గదా, పోయి దరఖాస్తు రాస్కో."

వెళ్ళి రాయి మీద కూర్చున్నాను. జుట్టు పట్టి ఈడ్చాడు. లేచి మళ్ళీ కూర్చున్నాను. గడ్డపార నా మోకాలి మీద పడింది. ముందు ఎముక చప్పుడు విన్నాను, నొప్పి తర్వాత వచ్చింది. నడుముకు చెక్కుకున్న కొడవలి తీసి అతని ముఖం మీద వేశాను. చెవి నుంచి దవడ దాకా తెగింది. "అవ్వా!" అని చచ్చిపోయిన తల్లిని పిలిచాడు. గడ్డపార వదిలేశాడు. అయినా ఇంకొకటి వేశాను. ఆ రెండోది అవసరం లేదు.

ఇద్దరినీ ఒకే ఆటోలో దవాఖానకు తీసుకెళ్ళారు.

నా కూతురు నవత ఆఫీసుకు వెళ్తే గుమాస్తా పటం మీద స్కేలు పెట్టి చూపించాడట. రోడ్డు రాయిని బట్టి పోదు. ఆ గీత రోడ్డుకు నడిమధ్య మాత్రమే. అటు యాభై, ఇటు యాభై ఫీట్లు. ఇద్దరి చేన్లూ పోతాయి. "ఇద్దరు కలిసి అభ్యంతరం పెడితే బలముంటదమ్మా" అన్నాడట.

కాగితం రాసి, కర్ర పట్టుకొని అతని మంచం దగ్గరికి వెళ్ళాను.

"నేను తప్పు సదివిన హన్మండ్లూ. ఏలిముద్ర వెయ్యి. నీది గూడ పోతది."

కట్ల నడుమ ఒక్క కన్నే కనిపించింది.

"పోనియ్. నీది గూడ పోతది గదా."

ఆ కాగితం మీద నెత్తురు ఉమ్మాడు.

ఇంకో కాగితం రాసి నా ఒక్కదాని పేరుతోనే ఇచ్చాను. జవాబు రాలేదు. ఊళ్ళో అడుగుపెడితే రెండో కాలు కూడా విరగ్గొడతామని అతని కొడుకులు కబురు పంపారు. మొక్కజొన్న ఎవరు కోసుకున్నారో తెలియదు.

చంద్రవ్వ, అరవై మూడేళ్ళు, కూతురింట్లో, ఎల్లారెడ్డి.