ఏ వైపు మనవడు

పొద్దున ఎనిమిదీ నలభైకి ఢిల్లీబాబు పాకాల బస్టాండు పక్క టీకొట్టులో గ్లాసు పట్టుకుని, ఎదురు వీధిలో ఒక పెంకుటింటి పెరట్లోంచి లేస్తున్న పొగను చూస్తున్నాడు. పొగ వస్తుంటే సుబ్బులమ్మకు నీళ్ళు కాగుతున్నట్టు. పొగ ఆగితే ఆమె తడికెల గదిలోకి స్నానానికి వెళ్ళినట్టు. శనివారం కాబట్టి తలంటు. తలంటు అంటే గంట. ఆ గంటలో ఇంటి ముందు గదిలోకి వెళ్ళి, పని ముగించుకుని, ఆమె కంట పడకుండా బయటపడాలి. ఏడాదిగా అతను ఆ ఇంటికి ఇలాగే వచ్చిపోతున్నాడు.

ముందు గది జయంతిది. సుబ్బులమ్మ కొడుకు కూతురు. డిగ్రీ చదివి, నాలుగు సిస్టంలు పెట్టుకుని పెళ్ళి కార్డులు, కరపత్రాలు టైపు చేస్తుంది. ఢిల్లీబాబు తిరుపతిలో ఒక రిపేరు షాపులో పనిచేస్తాడు. సొంత ఊరు నగరి. తండ్రి మరమగ్గాల మీద పనిచేసి చనిపోయాడు, తల్లి వసంతమ్మ అక్కడే ఉంటోంది. జయంతి మొదట మానిటర్ బాగు చేయించడానికి తిరుపతి వెళ్ళింది. తర్వాత బాగానే ఉన్న మానిటర్‌ను కూడా బాగు చేయించడానికి వెళ్ళింది. ఇద్దరూ పెళ్ళి చేసుకోవాలనుకున్నారు.

అడ్డం సుబ్బులమ్మ నోరు.

ఆమె ఎవరినైనా మొదటిసారి చూసి ఏ వరస పెట్టి పిలిస్తే వాళ్ళకు ఆ వరస అతుక్కుపోతుంది. పాకాలలో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాన్ని గురించి ఎవరూ పనిగట్టుకుని మాట్లాడుకోరు. అనంతపురం నుంచి బదిలీ మీద వచ్చిన పోస్టుమాస్టరును ఆమె ‘తమ్ముడా’ అంది. నెల తిరిగేసరికి ఆయన ముక్కు ఆ ఇంటి ముక్కు అయింది, నడిమధ్య చిన్న ఎత్తుతో సహా. ఆయన భార్య పెళ్ళినాటి ఫోటోలు తీసి చూస్తే వాటిలోనూ అదే ముక్కు. ఏటా గంగజాతరకు ఆయన అక్కకు చీర తెస్తాడు. వీధిలో కొత్తగా వేసిన బోరును ‘మరిదీ’ అంది. అప్పటినుంచీ ఆమె బిందె పెడితే అది ఒకసారి ఆగి, నాలుగు తిట్లు తిన్నాక నీళ్ళు వదులుతుంది. పక్క వీధికి పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయిని దారిలో ఆపి ‘యాడికి కొడకా’ అని అడిగింది. ఆ పిల్లకు ఆమె అవ్వ వరస. పెళ్ళికొడుకుగా బయల్దేరినవాడు గడప దాటేసరికి పిల్లకు చిన్నాయన అయిపోయాడు. కాఫీ తాగి వెళ్ళి, ఆ పిల్లకు మంచి సంబంధం అతనే వెతికి తెచ్చాడు.

అడిగి పిలిపించుకుంటే మాత్రం అతకదు. ఆమెకు అన్న వరసయ్యే చెంగల్రాయుడు అనే మేస్త్రీ తన పైన ఉన్న ఇంజనీరును ‘అల్లుడా’ అని పిలవమని ఆమెను బతిమాలాడు. పిలిచింది. ఇంజనీరు ఇంజనీరుగానే ఉండిపోయాడు. మాట దానంతట అది రావాలి.

జయంతి తండ్రి ఆదిమూలానికి బెల్లం మండీ ఉంది. అయినవాళ్ళకు తప్ప ఆ ఇంటి పిల్లను ఇచ్చింది లేదని ఆయన జయంతికి ముందే చెప్పాడు. నగరి నేతవాళ్ళతో వాళ్ళకు ఏ చుట్టరికమూ లేదు. సుబ్బులమ్మ మాట ఒక్కటే ఆ చుట్టరికం ఇవ్వగలదు. అదే మాట వేరేగా వస్తే జయంతికీ అతనికీ జన్మలో పెళ్ళి కాదు. అందుకే దాక్కోవడం.

పొగ ఆగింది. ఢిల్లీబాబు గ్లాసు దించి వీధి దాటాడు.

ఆ రోజు పని చిన్నది కాదు. తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేరు కొత్తది వచ్చింది. జయంతి పాత సిస్టంల మీద అది ఎద్దుబండిలా నడుస్తోంది. అతను చెన్నై రిచీ వీధిలో తిరిగి వేగమైన ప్రాసెసర్లు తెచ్చాడు. బోర్డు గూటిలో అవి సరిగ్గానే కూర్చున్నాయి గానీ బోర్డు వాటిని ఎరగనంది. స్విచ్చి వేయగానే సిస్టం మొదట చదివే రాత ఒక చిన్న చిప్పులో ఉంటుంది, బయోస్ అంటారు. ఏ ప్రాసెసర్ వస్తే దాన్ని ఎలా నడపాలో అందులో ఒక పట్టిక. బోర్డు తయారైన నాటికి ఈ ప్రాసెసర్ పుట్టలేదు కాబట్టి పట్టికలో దాని పేరు లేదు. కంపెనీ ఆ బోర్డును ఏనాడో వదిలేసింది. ఇక ఆ రాతను మనమే తెరిచి, కొత్తదాని అంకెలను పట్టికలో చేర్చి, మళ్ళీ చిప్పులో రాయాలి. ఒక్క అంకె మారినా మొత్తం కూడిక మారుతుంది. ఆ తేడాను ఎక్కడో ఖాళీ చోట సర్ది కూడికను పాతదానికి సమానం చేయాలి. లేకపోతే రాత చెడిందని బోర్డు మూగబోతుంది.

పోయిన శనివారం అదే జరిగింది. పెరటి తలుపు చప్పుడైతే కంగారులో అతను కూడిక తప్పాడు. ఒక సిస్టం చచ్చి పడింది. ముహూర్తాల కాలం, జయంతి చేతిలో తొమ్మిది పెళ్ళిళ్ళ కార్డుల పని.

ఈసారి ఫ్లాపీలో సరిచేసిన రాత తెచ్చాడు. చచ్చిన సిస్టం తన చిప్పులో తనే రాసుకోలేదు కాబట్టి, బాగున్న సిస్టం చిప్పు కింద నగరి నూలు దారం వేసి, సిస్టం నడుస్తుండగానే ఆ చిప్పును దారంతో మెల్లగా పైకి లాగాడు. ఆ గూటిలో చచ్చిన చిప్పును పెట్టాడు. గూడు వదులుగా ఉంది, వేలితో అదిమి పట్టుకోవాల్సి వచ్చింది. రాయమని జయంతి మీట నొక్కింది. తెర మీద తెల్లటి గీత కొంచెం కొంచెంగా పెరగడం మొదలైంది.

అప్పుడు సుబ్బులమ్మ గుమ్మంలోకి వచ్చింది. జుట్టు విరబోసుకుని, చేతిలో సీకాయ గిన్నెతో.

“మరిది మొండికేసినాడే. చన్నీళ్ళు చుక్క లేవు” అంది జయంతితో. తర్వాత ఆమె చూపు తెరిచిన సిస్టం డబ్బా మీదికి వంగిన వీపు మీద పడింది. “ఎవురే అది?”

“సిస్టం బాగు చేసే ఆయన అవ్వా.”

“తలకాయ దాంట్లో దూర్చినాడే. ఏమన్నా పారేసుకున్నాడా?”

ఢిల్లీబాబు ముఖం ఎత్తలేదు. వేలు తీస్తే చిప్పు పోతుంది, ముఖం ఎత్తితే బతుకు పోతుంది. జయంతికి ఏదో ఒకటి చెప్పక తప్పలేదు. కొత్తగా వచ్చినదాన్ని ఈ బోర్డు ఎరగనంటోందని, ఇది మన మనిషే, ఇట్లా చూసుకోవాలని ఆయన లోపల రాస్తున్నాడని చెప్పింది. చెప్పేకొద్దీ సుబ్బులమ్మ దగ్గరికి జరిగింది. ఆమె ఎరిగిన పనిలాగే ఉంది.

“అంటే వరస కలపతా ఉండాడా?”

“అంతే అవ్వా.”

“ఎవురు పడితే వాళ్ళు రాస్తే అతుకుతాదా?”

ఈ ప్రశ్న వీపును అడిగింది. “లెక్క కుదిరితే అతుకుతాది” అన్నాడు ఢిల్లీబాబు డబ్బాలోకి.

“పెద్దదాన్ని నిలబడి ఉంటే అవ్వా అనో అత్తా అనో ఒక మాట లేదు ఈ అబ్బి నోట్లో. వరసలు రాసేవాడికే వరస లేదు.”

జయంతికి ఆ భయంలోనూ నవ్వొచ్చింది.

“మొగం ఎత్తు, సూద్దాం.”

“రాత అయ్యేదాకా ఎత్తగూడదు.”

“ఎత్తితే?”

“ఈ సిస్టం మళ్ళా లెయ్యదు.”

“సరే, ఉంటా” అని ఆమె కార్డులకు వచ్చేవాళ్ళు కూర్చునే స్టూలు లాక్కుని కూర్చుంది. తెల్లగీత పూర్తయింది. ఢిల్లీబాబు ఆ చిప్పును దాని సొంత బోర్డులో పెట్టి, స్విచ్చి వేసి, ఇక దాచుకునే చోటు లేక నిటారుగా నిలబడ్డాడు. వారం రోజులుగా నల్లగా ఉన్న తెర మీద అక్షరాలు పడ్డాయి. ప్రాసెసర్ పేరు, దాని అసలు వేగం. జయంతి పైకి చదివింది. సుబ్బులమ్మకు ఆ అక్షరాలు రావు. తెరను చూసింది, తర్వాత అతన్ని చూసింది.

“బాగా రాసినావు. సంగటి తిని పో మనవడా” అంది. సీకాయ గిన్నె తీసుకుని, మరిదిని తిట్టడానికి వీధిలోకి వెళ్ళింది.

గదిలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. మనవడు అన్న మాటకు రెండు వైపులున్నాయి. కూతురు కొడుకూ మనవడే, కొడుకు కొడుకూ మనవడే. మొదటివాడైతే జయంతికి బావ, రెండోవాడైతే అన్న. ఢిల్లీబాబుకు తను రాసిన పట్టికే గుర్తొచ్చింది. రిచీ వీధిలో అమ్మే రెండు రకాల ప్రాసెసర్లకు మోడల్ అంకె ఒకటే, తేడా చివరి అంకెలో ఉంటుంది. సుబ్బులమ్మ ఆ చివరి అంకె చెప్పకుండా వెళ్ళిపోయింది. అడిగి చెప్పించుకుంటే అతకదు.

సంగటి దగ్గర ఆదిమూలం ఉన్నాడు. మండీ నుంచి వస్తూ దారిలోనే తల్లి నోట విన్నాడట. జయంతి తల్లి గురవమ్మ పప్పు వడ్డిస్తుంటే ఆయన ఆలోచించి, ఆలోచించి చెప్పాడు.

“మా అమ్మకు కూతుర్లు లేరు. నేనొక్కణ్ణే. ఆయమ్మకు మనవడంటే నా కొడుకే గదప్పా.” ఇంకో ముద్ద సంగటి తనే తీసి అతని కంచంలో వేశాడు. “నాకూ ఒక మగబిడ్డ ఉంటే బాగుండుననుకుంటా ఉంటి. మండీ కూడా సూసుకోవల్ల నువ్వు.”

ఆయన గొంతులో అంత ప్రేమ ఉంటే ఢిల్లీబాబు కాదనలేక ఆ ముద్ద కూడా తిన్నాడు. జయంతి వంటింట్లోంచి బయటికి రాలేదు.

తిరుపతి వెళ్ళాక అతను రోజూ పొద్దున అద్దంలో ముక్కు చూసుకున్నాడు. మంగళవారానికి నడిమధ్య చిన్న ఎత్తు వచ్చింది. అది ఏ వైపు నుంచైనా రావచ్చు. బుధవారం జయంతి ఫోన్ చేసి, నాలుగు సిస్టంలూ చక్కగా నడుస్తున్నాయని, కార్డుల పని అయిపోవచ్చిందని చెప్పింది. ఆ గొంతు చెల్లెలి గొంతులా వినిపిస్తోందేమోనని అతను పరీక్షగా విన్నాడు. వినిపించలేదు. నీకెలా ఉందని అడిగాడు. ముందెట్లా ఉండిందో అట్లే ఉందని, అదే తన దిగులని ఆమె అంది. నాయన మాత్రం మండీలో అతని కోసం కుర్చీ వేయించాడట.

ఆ వారం షాపులో అతను ఒక కీబోర్డును రెండుసార్లు విప్పి రెండుసార్లు బిగించాడు. శుక్రవారం సాయంత్రం తల్లితో ఈ సంగతంతా చెప్పుకోవాలనిపించింది. వసంతమ్మకు ఇంట్లో ఫోన్ లేదు. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ మునివెంకటప్ప పిలుచుకొస్తాడు. ఆమె అమ్మానాన్నలు చిన్నప్పుడే పోతే పుత్తూరులో పిన్ని దగ్గర పెరిగింది. ఆ పిన్ని కూడా ఏనాడో పోయింది. ఢిల్లీబాబుకు ఊహ తెలిసినప్పటినుంచి ఆమె సంచి సర్దుకుని ఎక్కడికీ వెళ్ళిన మనిషి కాదు.

మునివెంకటప్ప ఎవరినీ పిలవడానికి వెళ్ళలేదు.

“మీ అమ్మ ఈడ యాడుంది? పొద్దున బస్సుకే పాయ. రెండు దినాలు పుట్టింట్లో ఉండేసి వస్తానని ఇల్లు తాళమేసి, తాళంచెవి నాకిచ్చినాది.”

“పుట్టిల్లా?” అన్నాడు ఢిల్లీబాబు. “యాడప్పా?”

“యాడేంది, పాకాల. బెల్లం మండీ ఆదిమూలం చెల్లెలు గదా మీ అమ్మ.”