సగంలో ఆగిన టాపు

ఆ షెడ్డులో సగం తమ్ముడిది, సగం అక్కది. తమ్ముడి సగంలో విప్పిన ఇంజన్లు, నూనె మరకలు. అక్క సగంలో కుట్టుమిషను, రెక్సిను చుట్టలు, సీట్లలోంచి పీకిన స్పాంజి. వచ్చేపోయే వాళ్లంతా కూడా ఆవిణ్ణి అక్క అనే పిలుస్తారు. ఇన్నేళ్లూ సీటు కవర్లు కుట్టింది, లారీ పట్టాలు కుట్టింది. కారుకు గుడ్డ టాపు కుట్టడం మాత్రం ఇదే మొదలు.

కారు పళ్ల డాక్టరుగారిది. ఆయనకన్నా వయసులో పెద్దది. మీట అటు నొక్కితే టాపు దానంతటదే లేచి అద్దం మీద వాలుతుంది. ఇటు నొక్కితే మడతలు పడి వెనక సీటు వెనకాల పడుకుంటుంది. పాత గుడ్డ చీకిపోయిందని తెచ్చి, అక్క వైపు నిలబెట్టి, తాళాలిచ్చి పోయాడు. అక్క కొత్త గుడ్డ కుట్టి బిగించింది, ఇవాళ సాయంత్రం ఆయన వచ్చి తీసుకెళ్లాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక టాపు ఎత్తి చూద్దామన్నాడు తమ్ముడు. మీట నొక్కాడు. మోటారు గుర్రుమంది. టాపు కులాసాగా లేచింది. అక్కకు గుండె నిండినట్టయింది. అంతలో పైన దూలానికి వేలాడే ట్యూబులైటుకు టాపు ముందు కమ్మి తగలబోతోందని తమ్ముడు వేలు తీసేశాడు. ఇద్దరూ కలిసి కారును వాకిట్లోకి తోశారు. తమ్ముడు తన అలవాటు ప్రకారం చక్రాల కింద ఇటుకలు పెట్టి మళ్లీ నొక్కాడు.

కిక్కురుమనలేదు. టాపు, రెక్క విప్పబోయి మానేసిన కోడిలా, నడిమధ్య నిలిచిపోయింది.

తమ్ముడు ఫ్యూజు తీసి చూశాడు, బాగానే ఉంది. హారను కొట్టాడు, వీధి చివర కుక్క మొరిగింది కాబట్టి బ్యాటరీకి ఢోకా లేదు. టెస్టు బల్బు పెట్టి చూస్తే మీట దాకా కరెంటు వస్తోంది. ఇక మిగిలింది మోటారే. అదేమో వెనక సీటు వెనకాల ఉంది. టాపు పూర్తిగా లేచినా, పూర్తిగా దిగినా అక్కడికి చెయ్యి పోతుంది. సగంలో ఉంటే ఇనుప కమ్ములు అడ్డం. టాపు వెనక అంచు కుట్టు విప్పితే తప్ప దారి లేదు.

అదెంత నష్టమో అక్కకు తెలుసు. ఆ గుడ్డలో ఒకసారి సూది దిగితే దిగినట్టే. విప్పి మళ్లీ కుడితే చిల్లులు రెండింతలవుతాయి, వానకు నీళ్లు కారతాయి. అంటే ఆ గుడ్డ ఇక పనికిరాదు.

పైగా తమ్ముడు, నీ గుడ్డ బిగువుకే మోటారు కాలిపోయిందన్నాడు. చిన్నప్పుడు తనకు కుట్టిన లాగూ కూడా అంతేననీ, కూర్చుంటే లేవలేక, లేస్తే కూర్చోలేక బడిలో గోడకు ఆనుకుని నిలబడేవాణ్ణనీ గుర్తుచేశాడు.

"బిగువైతే మోటారు మూలగాలి కదరా. నా మిషను కింద నాలుగు మడతలు పెడితే ఎంత గోల చేస్తుంది? ఇది మూగదాన్లా కూర్చుంటే నా గుడ్డను అంటావేం?"

"మూలిగే ఓపిక కూడా లేకుండా పోయిందేమో అక్కా."

అప్పుడే వచ్చాడు బావ. అక్క మొగుడు, సిటీ బస్సు డ్రైవరు. పొద్దుటి డ్యూటీ దిగి వస్తూ వస్తూ, ఎవరూ పిలవకపోయినా కారెక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇంత చిన్న చక్రంతో బండి ఎలా తిరుగుతుందని విచారించాడు. ఈ కారుకు కండక్టరు ఎక్కడ నిలబడతాడని కూడా అడిగాడు. బండి పాడు చెయ్యాలన్నా ఒక చదువుండాలి బావమరిదీ, అని మెచ్చుకున్నాడు. నువ్వు దిగితే పని చేసుకుంటామన్నాడు తమ్ముడు.

తమ్ముడి చేతిలో బ్లేడు చూసి అక్క ముందుకొచ్చింది.

"ఇలా తే. నా కుట్టు నేనే విప్పుకుంటా."

తమ్ముడు ఇచ్చేశాడు. ఆవిడ వెనక్కి వెళ్లి, అంచు మీద బొటనవేలితో మొదటి కుట్టు వెతుక్కుంది. బావ నవ్వు మానేసి కారు దిగాడు. కొయ్యబోయే ముందు ఇంకొక్కసారి నొక్కి చూడరాదా అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి. తమ్ముడు విసుగ్గా చెయ్యి లోపలికి పెట్టి మీట నొక్కాడు.

మోటారు గుర్రుమంది. టాపు జానెడు ముందుకు కదిలింది.

అదిరిపడి తమ్ముడు వేలు తీసేశాడు. ఏం చేశావని బావను నిలదీశాడు. బావ రెండు చేతులూ పైకెత్తి, తానేమీ ముట్టుకోలేదని ప్రమాణం చేశాడు. అక్క మాత్రం బ్లేడు పక్కన పెట్టి, మొగుడి ఎడమ చేతి వంక చూసింది. ఆ చెయ్యి సంగతి ఆవిడకు తెలుసు. ఎన్నో ఏళ్లుగా బస్సు దిగేముందు బ్రేకు లాగీ లాగీ, ఇంట్లో కుర్చీలోంచి లేచేటప్పుడు కూడా పక్కకు పోతుంది. తొంగి చూస్తే హ్యాండ్ బ్రేకు నిటారుగా లేచి ఉంది.

దాన్ని దించి, నొక్కమంది. చప్పుడు లేదు. పైకి లాగి నొక్కమంది. గుర్రుమంది.

"బండి కదలకుండా బ్రేకు లాగి ఉంటేనే టాపు కదులుతుందన్నమాట. తోసేటప్పుడు బ్రేకు దించింది నువ్వు."

తమ్ముడు తల గోక్కున్నాడు. పాత బండికి హ్యాండ్ బ్రేకు లాగి వదిలేస్తే లోపల తుప్పుపట్టి అతుక్కుపోతుందని అతను ఎప్పుడూ ఇటుకలే పెడతాడు. ఇన్నాళ్లూ ఏ బండీ దానికి తప్పుపట్టలేదు. బావ అయితే, తాను ముందే కనిపెట్టాననీ, వీళ్లకు తెలుస్తుందో లేదో చూద్దామని ఊరుకున్నాననీ చెప్పుకొచ్చాడు.

ఈసారి టాపు ఆగకుండా వెళ్లింది. అద్దం దాకా వచ్చి, కొక్కేనికి రెండు వేళ్ల దూరంలో నిలబడింది. మోటారు మూలుగుతోంది.

తమ్ముడు గుడ్డ మీద వేలితో కొట్టి అక్క వంక చూశాడు.

"సరే, ఇది మాత్రం నా బిగువే. పట్టండి," అంది అక్క.

కొత్త గుడ్డ ముందు బిగిసి ఉంటుందనీ, ఎండ తగిలితే సాగుతుందనీ ఆవిడకు తెలుసు. కానీ ఇంత బిగుస్తుందనుకోలేదు. ముగ్గురూ ముందు కమ్మికి వేలాడారు. బావ ఒళ్లంతా బరువేసి, ఇన్నేళ్లు తిన్న తిండికి ఇవాళ ఫలితం దక్కిందన్నాడు. కొక్కెం టక్కున పడింది. అక్క కారు చుట్టూ తిరిగి ప్రతి కుట్టునూ వేలితో తడిమింది. ఒక్క పోగు లేవలేదు.

చల్లబడే వేళకు డాక్టరుగారు వచ్చాడు. గుడ్డ చూసి ముచ్చటపడ్డాడు. గాలి బావుంది, తెరుచుకుని పోతానంటూ మీట మీద చెయ్యేశాడు.

"రెండు వారాలు తెరవకండి డాక్టరుగారూ. మూసే ఉంచి ఎండలో పెట్టండి, గుడ్డ సాగాలి."

"తెరుచుకు తిరగడానికే కదమ్మా ఈ కారు?"

"ఇప్పుడు తెరిస్తే, మళ్లీ మూయడానికి మేం ముగ్గురం మీ ఇంటికి రావాలి."

డాక్టరుగారు బావను కిందినుంచి పైదాకా చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

కారు మలుపు తిరిగేదాకా అక్క వాకిట్లోనే నిలబడి వెనక అంచునే చూసింది. ఎక్కడా ముడత పడలేదు.