కన్నులు పెట్టని మట్టియెద్దు

రండు బిడ్డలారా, చేతిమన్ను కడుగుకొనకయే నా మోకాళ్లచెంతకు జరిగి కూర్చుండుడు. మొదటి యెద్దును ముగించి రెండవదానికి ముద్ద తీయకమునుపే మీరీ కథ వినవలయును.

జ్యేష్ఠమాసపు తుదినాళ్లవి. నిదాఘతాపదగ్ధయై నోరు తెఱచుకొని పడియున్న నల్లరేగడిభూమిపై ప్రథమవర్షబిందువులు రాలి మృద్గంధము నెగయించుచుండ పశ్చిమదిగంతమున నీలమేఘమాలికలు మదగజయూథమువలె మందమందముగ కదలుచుండ గట్లమీది తుమ్మపూలు వానగాలికి పసుపుపొడియై నేల రాలుచుండ ఏడాదిపొడవున ఇసుకయై యుండెడి మా యూరి వంక యందందు గుంటలుగట్టి కాటుకరంగున మెఱయుచుండెను. నాటిదినమే మట్టియెద్దుల యమావాస్య.

సేద్యము మొదలిడుటకు ముందు పిల్లలు వంకనుండి నల్లమన్ను తెచ్చి పిడికెడంత యెద్దులను జతగా చేసి గురివిందగింజలు కన్నులుగా నమర్చి కందిపుల్లతో కాడిగట్టి దేవునిగూటిలో నిలిపి ఓళిగలు నైవేద్యముపెట్టి ప్రొద్దు గ్రుంకకమునుపే నీటియొడ్డున విడిచివచ్చుట మాయింటి యాచారము. అందొక కట్టడి యుండెను. జతలోని రెండింటికిని ఒక్కసారియే కన్నులు పెట్టవలయును. ఒంటియెద్దును గూటిలో నిలుపరాదు.

అప్పటికి నాకేడేండ్లు. మాయన్న యోబులేసునకు పదేండ్లు. మన్ను వానిచేతిలో చెప్పినమాట వినెడిది. మా నాయనను గన్న మా జేజి నడుమ కూర్చుండి మాకిరువురకు ముద్దలు పిసికి యిచ్చుచుండగా వాడు తనయెద్దునకు మూపురము నిలిపి గంగడోలు జార్చి గిట్టలు చీల్చి నావైపు తిరిగి నవ్వెను.

"అది ఎద్దు గాదు తిప్పీ, పంది. మూతి సూడు!"

"నీదే పంది పో!"

రెండవదానికి మన్ను చాలలేదు. వాడు లేచి నిలిచెను.

"పిడికెడు మన్ను తెస్తా జేజీ. ఇట్ల పోయి అట్ల వస్తా."

"కొండల మీద వాన మోడం పట్టుండాది, వద్దు రా. చెల్లెలి ముద్దలో సగం తీసుకో."

"దాని పందిని నేనేమిటికి కోసేది?" అనుచు వాడు గడప దాటెను.

మా యూర వాన లేదు గాని యెగువకొండలలో కురిసినవాన వెల్లువయై గోడవలె లేచి వంకపొడవున వచ్చెను. మూడవనాడు రెండుక్రోసుల దిగువ తుమ్మకంపకడ వానిని కనుగొనిరి. బిగిసియున్న కుడిపిడికిలిని విప్పిచూడగా లోపల నల్లమన్ను. ఆ మన్నుతోడనే వానిని పూడ్చిరి.

వాడు చేసిన ఒంటియెద్దును వంకలో విడువుమని మా జేజి చెప్పెను. మాయమ్మ సుంకమ్మ దానిని ఱొమ్మున కదుముకొని యీయదయ్యెను. పుత్రశోకమున తలవిరియబోసుకొని కూర్చున్న కోడలిని చూచి మా జేజియును మెత్తబడి పట్టు విడిచెను. కన్నులు లేని యాయెద్దు గూటిలో నిలిచెను.

బిడ్డలారా, తొమ్మిదవనాటి తెల్లవాఱున మాయమ్మ గూటిలో దీపము పెట్టబోయి నిలువునను కొయ్యబాఱెను. గోడవైపు మొగమై నిలిపిన యెద్దు గడపవైపునకు తిరిగియుండెను. ఆమె సరిచేసి నిలిపెను. మఱునాడును అంతే. పక్షము గడువకమునుపే గడపరాతిమీద నలుసంత తడిమన్ను కనబడసాగెను. ఎండలు మండి వంకలో చుక్కనీరు లేని మాసములందును ఆ మన్ను తడియాఱదయ్యెను. మా నాయన దానిని కాలితో తుడిచివేయబోగా మాయమ్మ యాయన కాళ్లకడ్డముపడి "నా కొడుకు అడుగుల్ని తొక్కొద్దు!" అని యఱచెను. అప్పటినుండి ఆమె ముఖమున నొకవిధమైన వెలుగు. దినదినమును వాని కంచమునందు సంగటిముద్ద పెట్టి గడపకెదురుగ కూర్చుండెడిది. నేనొకతె నున్నానను తలంపే ఆమెకు లేకపోయెను.

మరల జ్యేష్ఠము వచ్చెను. సాయంసంధ్యారాగము గోడల కెంపులద్దు వేళలందు గడప యవతలనుండి నన్నెవ్వరో పిలుచుచున్నట్లుండెడిది. బెదరించు పిలుపు గాదది, ఆటకు పిలుచు పిలుపు. రెండుమారులు నేను వంకదారి పట్టగా పొరుగువారు చేయిపట్టి తోడితెచ్చిరి. మూడవమాఱు, సరిగా అమావాస్యనాటి మధ్యాహ్నమున, నేను మోకాలిలోతు నీట నిలిచియుండ మా జేజి రొప్పుచు వచ్చి నన్నొడిసిపట్టి యింటికి తెచ్చి మాయమ్మ యెదుట నిలిపెను. నా కుడిపిడికిలి బిగిసియుండెను.

"ఏమే, యాడికి పోయింటివి?" అని మాయమ్మ యడిగెను.

"అన్న పిలుస్తాండాడు మా. జతకు మన్ను తక్కువైందంట."

మా జేజి మాయమ్మకెదురుగ చతికిలబడెను.

"వాడు నీకోసరం రాలేదే సుంకీ. జతకోసరం వస్తాండాడు. సగంలో ఇడిసిన పని వాణ్ణి నిలవనీలే."

"జత జేస్తే వాడు ఇంగ రాడు గదత్తా!"

"రాడు."

"మరి నేనెట్ల బతికేది?"

"వాడు వస్తాంటే ఇది పోతాది. ఈ పొద్దు మోకాలిలోతు. రేపు ఎంతలోతో నువ్వే జెప్పు."

గూటివైపొకమాఱును నావైపొకమాఱును మాయమ్మ చూచెను. పిదప నా వ్రేళ్లనొక్కటొక్కటిగ విప్పెను. లోపలి నల్లమన్నును తన యరచేతిలోనికి తీసికొని పిసుకనారంభించెను. ఎన్నడును మన్నుపట్టి బొమ్మచేసి యెఱుగని చేయి యది. కాళ్లు పొట్టియయ్యెను, కొమ్మొకటి వ్రాలెను, మూపురము వీపుమధ్యకు జాఱెను.

"అది ఎద్దు గాదు మా, మేక," అంటిని.

మాయమ్మ ఫక్కున నవ్వెను. ఏడాదికి తొలినవ్వు. ఆ నవ్వు సగములోనే విరిగి యేడుపై, నన్నొడిలోనికి లాగుకొని "మేకైతే మేకలేమ్మా, నువ్వే సరిజెయ్యి" అనెను. నేను కొమ్మెత్తితిని. మా జేజి మూపురము జరిపెను.

అంతట గూటినుండి మాయన్న యెద్దును దించి ప్రక్కన నిలిపి ఒక కన్ను నేనును ఒక కన్ను మాయమ్మయు రెండింటికిని ఒక్కసారియే గురివిందగింజలమర్చితిమి. ఎఱ్ఱనికన్నులతో అన్నయెద్దొక్కసారి మాయమ్మను చూచినట్లయ్యెను. ఆమె తల తిప్పుకొనలేదు. కందిపుల్ల కాడిగట్టి ఓళిగ చూపి ప్రొద్దుండగనే ఆమెయే యాజతను తలపై మోసికొనిపోయి వంకయొడ్డున పొలమువైపు మొగమై నిలిపి "దున్నుకోపో నాయనా" అనెను. వెనుదిరిగి చూడక నాచేయి పట్టుకొని నడచెను.

మఱునాటి వేకువ యొడ్డున యెద్దులు లేవు. ఉన్నచోటినుండి మా చేనిగట్టువఱకును తడినేలమీద వ్రేలివెడల్పున సూటియైన చాలొక్కటి పోయియుండెను. మాయమ్మ దానిని త్రొక్కక దాటెను. మా నాయన యానాటి నాగటిచాలు దానితుదనుండియే మొదలిడెను. ప్రొద్దెక్కువేళకు వాన కురిసి దానిని చెఱపివేసెను. గడపపై మన్ను మరల కనబడలేదు. మాయమ్మ మాత్రము బ్రదికినన్నినాళ్లును సంధ్యవేళ నాచేయి పట్టుకొనియే గడప దాటెడిది.

నేటికిని మీతో మన్నుపట్టి కూర్చున్నపుడు మొదటియెద్దు ముగిసి రెండవది మొదలుగాని యా క్షణమున గడపకవతల నొక పిల్లవాని యడుగులచప్పుడు నాకు వినవచ్చుచుండును. నేను తలయెత్తను. ముద్ద తీయుదును. మీరును తీయుడు. మన్ను చాలకున్న తోడివాని ముద్దలో సగమడుగుడు, అడిగినవానికి సగమిండు. రేపు మీ యొడిచెంత పిల్లలు మన్నుతో కూర్చున్ననాడు ఓబులేసను నొక బిడ్డ యుండెనని వారికి చెప్పుడు. చెప్పి, జత ముగియువఱకు వారినెవ్వరిని లేవనీయకుడు.