సింగపూర్ ఫారంలో నా పేరు

నాకు ముక్కు మీద కోపమని కారంపూడిలో అందరూ అంటారు. అననివ్వండి. ఆ కోపమే లేకపోతే నేను సింగపూర్ చూసొచ్చి ఉండేదాన్ని, ఈ కథ చెప్పుకోవాల్సిన పనీ ఉండేది కాదు.

ఎనభై ఆరో సంవత్సరం మాట ఇది. మాకు కారంపూడి బస్టాండు ఎదురుగా పురుగుమందుల కొట్టు ఉండేది. బోర్డు మీద మా ఆయన పేరు. మొగుడి పేరు నోటితో పలకకూడదని మమ్మల్ని పెంచారు. రాయడానికి దోషం లేదు కాబట్టి రాస్తున్నాను, సుబ్బన్న. ఆ రెండేళ్లూ పల్నాడంతా పత్తికి తెల్లదోమ పట్టింది. రైతులకు ఏడుపు, మా కొట్టుకు బేరం. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది నాకు. ఎక్కువ మందు అమ్మిన డీలరును భార్యతో సహా వారం రోజులు సింగపూర్ తీసుకెళ్తామని కంపెనీ వాళ్లు చెప్పారు. ముందు ఈపూరు డీలరు పేరు వచ్చింది. ఆయన గడ్డివామి మీద నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. దాంతో వంతు మాకొచ్చింది.

ఆ కబురు తెచ్చింది గుంటూరు నుంచి వచ్చే కంపెనీ మనిషి ఐజాక్ గారు. ఒక సోమవారం మధ్యాహ్నం జీపు దిగుతూనే చెప్పేశాడు.

"ఇంకా ఇరవై రెండు రోజులే ఉంది సుబ్బన్న గారూ. మద్రాసులో విమానం. మీ ఇద్దరికీ పాసుపోర్టులు లేవుగా? ఫారాలు ఇప్పుడే నింపి ఇయ్యండి, హైదరాబాదులో మావాళ్లు దగ్గరుండి చేయిస్తారు. పుట్టిన తేదీకి బడి సర్టిఫికెట్లు మాత్రం గురువారానికల్లా నాకు అందాలి. తేడా వస్తే నేనేం చెయ్యలేను."

పెళ్లయిన పందొమ్మిదేళ్లలో మేమిద్దరమే కలిసి ఎక్కడికీ వెళ్లలేదు. కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లినా, బంధువుల ఇంట్లో పెళ్లికి వెళ్లినా మా అత్తగారు మా మధ్యన కూర్చునేది. బండిలోనూ అంతే, బస్సులోనూ అంతే. ఆవిడ పోయి రెండేళ్లయింది. పిల్లలిద్దరూ నరసరావుపేట హాస్టళ్లలో చదువుకుంటున్నారు. సింగపూర్‌లో ఏముంటాయో నాకు అక్కర్లేదు. మధ్యలో ఎవరూ లేకుండా ఆయన పక్కన కూర్చుని అంత దూరం వెళ్లాలి. నాకు కావలసింది అదొక్కటే, దాని కోసం నా ప్రాణం కొట్టుకులాడింది.

కాగితం పని ఇంకొకరి చేత చేయించుకోవడం మా ఆయనకు నామోషీ. నన్ను ఒక్క ముక్క అడక్కుండా రెండు ఫారాలూ తనే నింపాడు. "ఏమే, ఇక్కడ సంతకం పెట్టు" అని వేలు పెట్టి చూపించాడు. పిండి చేతులు చీర చెంగుకు తుడుచుకుని పెట్టాను. సుబ్బరత్నం అని చెయ్యి దానంతటదే రాసేసింది. ఐజాక్ గారు వాటిని సంచీలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నుంచి మా ఇల్లు పెళ్లివారిల్లయింది. పుట్టి బుద్ధెరిగాక పంచె తప్ప కట్టని మనిషి, దర్జీ ఇశ్రాయేలు దగ్గరకెళ్లి ప్యాంటుకు కొలతలు ఇచ్చొచ్చాడు. విమానంలో చలి ఉంటుందని ఎవడో చెబితే మంకీ క్యాపులు రెండు తెచ్చాడు. ఆయన అది తగిలించుకుని అద్దంలో చూసుకుంటుంటే నాకు నవ్వాగలేదు.

"నవ్వుతావేందే? పైన చానా చలంట. నువ్వూ పెట్టుకో, చూస్తా."

"జడ ఎక్కడ పెట్టుకోమంటావయ్యా?"

"జడ లోపలికి దోపుకోవాల."

పక్కింటి కోటమ్మ పిన్ని వచ్చి తలుపు దగ్గరే చతికిలబడింది. "అమ్మాయ్, నాకో టేపురికార్డరు తెచ్చిపెట్టవే. పెద్దది కాదులే, రెండు క్యాసెట్లు పట్టేది" అంది. తెల్లారేసరికి వీధిలో ఆరుగురు గొడుగులు అడిగారు, ఇద్దరు చీరలు అడిగారు. నేను గోంగూర పచ్చడి నూరాను, కారప్పొడి దంచాను, ఇంకా ఇరవై రోజులుండగానే పప్పుచెక్కలు వత్తాను. అవి మెత్తబడిపోతాయని తెలియక కాదు. ఆ సంబరంలో చేతులు ఊరుకుంటేనా!

ఆయన సర్టిఫికెట్టు పెట్టెలోనే ఉంది. నాది తెచ్చుకోవాలి. నేను ఎనిమిదో తరగతి దాకా చదివింది గురజాల బడిలో. బుధవారం పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం. నేను ముందు ఆడవాళ్ల సీట్లో, ఆయన వెనకాల. విమానంలో ఇట్లా ఉండదులే అనుకున్నాను. గురజాలలో బస్సు దిగుతుండగా, కాలు కింద పెట్టబోతుండగా గుర్తొచ్చింది. 

ఆ బడిలో సుబ్బరత్నం అనే పిల్ల లేదు.

మా అత్తగారి పేరు రాఘవమ్మ. మా అమ్మానాన్నలు నాకు పెట్టిన పేరూ అదే. కాపురానికి వచ్చిన రోజు నేను గడప దాటకముందే ఆవిడ అడ్డం నిలబడింది. "ఒక ఇంట్లో ఇద్దరు రాఘవమ్మలేంది? నా కొడుకు పెళ్లాన్ని తల్లి పేరుతో పిలుస్తాడా? కోడల్ని తిట్టాలంటే నన్ను నేను తిట్టుకోవాల్నా?" అంది. అందరూ నవ్వారు. పద్దెనిమిదేళ్లదాన్ని, నేనూ నవ్వాను. కొడుకు పేరుకు జోడుగా ఉంటుందని సుబ్బరత్నం అని పెట్టింది. అత్త పేరే కోడలికీ ఉంటే పేరు మార్చడం మా వైపు మామూలే, ఆవిడనేం తప్పుపట్టను. కానీ ఆ పేరులో మొగుడి పేరు సగం ఉంది. ఇక ఎవరైనా నీ పేరేంటమ్మా అని అడిగితే నోరు విప్పి చెప్పుకోవడానికి లేదు, పక్కనున్నవాళ్లు చెప్పాలి. రేషన్ కార్డులో అదే ఎక్కింది, ఓటర్ల లిస్టులో అదే ఎక్కింది. ఆయన మాత్రం ఏ పేరుతోనూ పిలిచేవాడు కాదు. "ఏమే" అనే పిలుపుతోనే కాపురమంతా గడిచిపోయింది. పందొమ్మిదేళ్లలో ఆయన మర్చిపోయాడంటే సరే, ఫారం మీద సంతకం పెట్టేటప్పుడు నేనెలా మర్చిపోయాను? అత్త పేరూ మొగుడి ముందు నోటితో అనకూడదాయె, బడి దాకా ఆయనకెలా చెప్పాలో తోచలేదు.

బడిలో పెద్ద టీచరు కరుణమ్మ గారు పాత రిజిస్టరు తీసి దుమ్ము దులిపింది. "ఏ పేరమ్మా?" అని అడిగింది.

"సుబ్బరత్నం" అన్నాడు ఆయన.

ఆమె రెండుసార్లు వెతికింది. లేదు. ఆయనకు విసుగొచ్చింది. "ఏమే, అసలు బడికి పోయావా, బర్రెలు కాశావా?"

అంతే, నేను ఒంటికాలి మీద లేచాను. "మీ అమ్మ పేరు చూడమను" అన్నాను.

"మధ్యలో మా అమ్మేందే?" అన్నాడు. అంటూనే ఆగిపోయాడు. శుభలేఖ మీద తన పేరు పక్కన అచ్చేసిన పేరు అప్పుడు గుర్తొచ్చినట్టుంది, కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"రాఘవమ్మ" అని చదివింది కరుణమ్మ గారు. "ఆగస్టు పద్నాలుగు, నలభై తొమ్మిది. కుడి మోచేతి కింద పుట్టుమచ్చ. ఈమేనా?"

నేను మోచెయ్యి తిప్పి చూపించాను. మా ఆయన కూడా వంగి చూశాడు. ఎన్నడూ చూడనట్టే చూశాడు ఆ మచ్చను, ఇన్నేళ్లూ ఎక్కడ పెట్టుకున్నాడో కళ్లు. ఆ గది గోడకే అప్పట్లో గుడ్డ మీద అచ్చేసిన ప్రపంచపటం వేలాడుతుండేది. ఏ దేశం పేరు చెప్పినా బెత్తం పెట్టి టక్కున చూపించేదాన్ని. భూగోళంలో నాకు మొదటి బహుమతి ఇచ్చారు. సింగపూర్ అప్పుడు ఆవగింజంత చుక్క. "రాఘవమ్మా, రా, చూపించు" అని మా మాస్టారు పిలిచేవారు. పుట్టింటివాళ్లు కాక ఆ పేరుతో నన్ను పిలిచిన చివరి మనుషులు ఆ గదిలోనే ఉండిపోయారు.

సర్టిఫికెట్టు చేతికొచ్చింది, కానీ ఫారంలో ఒక పేరు, ఇందులో ఒక పేరు. నేరుగా కోర్టు దగ్గరకెళ్లాం. మా కొట్టు వ్యవహారాలు చూసే వకీలు ఖాదర్ వలి గారు అక్కడ వరండాలో బల్ల వేసుకుని కూర్చునేవాడు. అంతా విని చిటికేశాడు.

"రెండు దార్లున్నయ్ సుబ్బన్నా. ఒకటి, ఈ సర్టిఫికెట్టు మడిచి జేబులో పెట్టుకో, ఎవ్వరికీ చూపించమాక. పుట్టినప్పట్నించీ ఈయమ్మ పేరు సుబ్బరత్నమే, బడి మొహం ఎరగదు అని అఫిడవిట్ రాద్దాం. వయసుకు డాక్టరు కాయితం ఇప్పిస్తా. రేపటికి ఐజాక్ చేతిలో ఉంటయ్, విమానం అందుద్ది. రెండోది, ఆ ఫారం కొట్టేయించి అసలు పేరు మీద మళ్లీ పెట్టుకోవడం. దానికి రేషన్ కార్డుతో సహా అన్నీ మార్చుకోవాల. రెండు నెలల్లోపు ఎటూ కాదు."

"ఒకటో దారే" అన్నాడు మా ఆయన. వకీలు గారు టైపు కొట్టడం మొదలుపెట్టాడు. కొట్టినంత దాకా చదివి వినిపించి నా వైపు తిరిగాడు. "మీ నోటితో చెప్పాలమ్మా. పేరేంది? చదువుకున్నారా?"

నేను నోరు తెరిచాను. పేరు చెప్పలేను, మొగుడు ఎదురుగా ఉన్నాడు. చదువుకోలేదని చెప్పలేను, ఆ బడి గంట అప్పుడే కొట్టారు, అక్కడిదాకా వినిపించింది.

"చెప్పవే, ఏందాలోచన? విమానం పోద్ది" అన్నాడు ఆయన.

నేను లేచి బయటికొచ్చాను. ఆయన వెనకే వచ్చాడు. ఎండలో నిలబడి, జనం చూస్తున్నారని కూడా లేకుండా అడిగేశాను.

"నాకు ఆ విమానం ఎక్కాలని లేదనుకుంటున్నావా? నీ పక్కన కూర్చుని పోవాలని మూడు రోజుల నించి నిద్ర లేదయ్యా నాకు. మీ అమ్మ పెట్టిన పేరుకు పందొమ్మిదేళ్లు పలికా, ఒక్క మాటన్నానా? ఇప్పుడు ఆ బడిలో చదివిన పిల్ల పుట్టనే లేదని కోర్టులో చెప్పమంటే నా వల్ల కాదు. నువ్వు పోయిరా. మీ బావను తీసుకుపో."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఎదురు కొట్లో గోలీసోడా కొట్టించి నాకిచ్చాడు. తను తాగలేదు. కాసేపు మెడ వెనక గోక్కుని లోపలికెళ్లాడు.

"వలీ భాయ్, అది చించేయ్. రెండోది రాయ్."

"విమానం?"

"పోనీ. నేనూ పోను."

"సరే. పేరు చెప్పు మరి."

మా ఆయనకు కన్నతల్లి పేరది, పెళ్లాన్ని ఆ పేరుతో ఎలా అంటాడు? సర్టిఫికెట్టు బల్ల మీదికి తోశాడు. "అందులో ఉందిగా, చూసి రాయ్" అన్నాడు.

ఐజాక్ గారు నెత్తి కొట్టుకున్నాడు. మా వంతు వినుకొండ డీలరుకు పోయింది. కోటమ్మ పిన్ని టేపురికార్డరు గురించి నెల రోజులు నన్ను సాధించింది. పప్పుచెక్కలు వీధిలో పిల్లలకు పంచేశాను. పాసుపోర్టు మాత్రం వచ్చింది, ఉగాది వెళ్లాక. నా ఫొటో, కింద రాఘవమ్మ అని. ఆ తర్వాత మళ్లీ ఏ దేశమూ పడలేదు మాకు. గడువు ఎప్పుడో తీరిపోయింది, ఒక్క ముద్ర కూడా లేకుండా తెల్లగా ఉంది. ఆయన పోయాక పెట్టె సర్దుతూ చూస్తే, రెండు పాసుపోర్టులూ ఒకే రబ్బరుబ్యాండుకు చుట్టి దాచిపెట్టి ఉన్నాయి. నా దాంట్లో ఒక లాంచీ టిక్కెట్టు ఉంది.

ఆ టిక్కెట్టు సంగతి చెప్పాలి.

ఆ విమానం ఎగరాల్సిన రోజు పొద్దున్నే ఆయన కొట్టుకు తాళం వేశాడు. ఇశ్రాయేలు కుట్టిన ప్యాంటు తొడుక్కున్నాడు. ప్యాంటేసుకున్నా భుజం మీద తువ్వాలు మాత్రం వదల్లేదు. "పచ్చడి సీసా తీసుకో, పద" అన్నాడు. ఎక్కడికంటే చెప్పలేదు. మాచర్ల బస్సు, అక్కణ్నుంచి సాగర్ బస్సు. దిగి నాగార్జునకొండకు వెళ్లే లాంచీ ఎక్కించాడు. చుట్టూ ఎటు చూసినా నీళ్లు.

"సముద్రం దాటాలనుకున్నాంగా. కానియ్, ఇదే అనుకో" అన్నాడు.

చెక్కబల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. మధ్యలో ఎవరూ లేరు. మాకు మాట్లాడుకునే అలవాటు లేదు. ఆయన మోకాలు నా మోకాలికి తగులుతున్నా వెనక్కి తీసుకోలేదు, నేనూ జరగలేదు. నా బతుకులో నేను చేసిన ప్రయాణమంటే అదే.

లాంచీ నడి నీళ్లలోకి వచ్చేసరికి గాలి లేచింది. నేను అంచున నిలబడి నీళ్లు చూస్తున్నాను. వెనక నుంచి కేక వినిపించింది.

"రాఘవమ్మా! తువ్వాలు, పట్టుకో!"

నేను చప్పున వెనక్కి తిరిగి, మా అత్తగారు ఎక్కడుందా అని చూశాను. ఆవిడ లేదు. ఉన్నది ఆయనొక్కడే, అరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయి, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నిన్నేనే" అన్నాడు మెల్లగా.

తువ్వాలు అప్పటికే కృష్ణలో పడిపోయింది.