మందుల పెట్టె మోత

ఆవిడ పని యంత్రాలకు చప్పుళ్లు తయారు చేయడం. లిఫ్టు తలుపు తెరుచుకునేటప్పుడు టింగుమనేది, కార్డు తిరగేసి పెడితే మెషీన్ విసుక్కునేది ఇలాంటివన్నీ ఆవిడ చేతి చలవే. ఈసారి వచ్చింది పెద్దవాళ్లకు వేళకు మందు గుర్తుచేసే పెట్టె. దానికోసం సన్నగా, తీగలా సాగే గంట చేసింది. కాకి పిల్ల కాకికి ముద్దు అనుకోవడానికీ లేదు, ఆఫీసులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నవాళ్లంతా బ్రహ్మాండమన్నారు. వాళ్లలో ఒక్కరికైనా తల నెరవలేదని మాత్రం ఎవరికీ తట్టలేదు.

మొదటి పెట్టె ఇంటికి తెచ్చి, గుండెజబ్బున్న తండ్రి పక్కన పెట్టింది. సాయంత్రం రాగానే ఎలా ఉందని అడిగితే ఆయన భేషుగ్గా ఉందనేవాడు. మందు ఒక్కపూటా తప్పలేదు. ఇంకేం కావాలి? ఫ్యాక్టరీకి సరేనంటే చాలు, వేల పెట్టెలు అదే మోతతో బయటికొస్తాయి.

సరేనన్న రోజే, తలనొప్పిగా ఉందని మధ్యాహ్నం ఇంటికొచ్చేసింది. పెట్టె మోగుతోంది. దానికి జానెడు దూరంలో నాన్న పాత గడియారం విప్పుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. వంటింట్లోంచి అమ్మ తడిచేతులతో వచ్చి ఆయన భుజం తట్టింది. ఆయన మాత్ర వేసుకుని మళ్లీ స్క్రూల్లో పడ్డాడు.

"రోజూ ఇంతేనా?" అంది ఆవిడ.

అమ్మ ఉలిక్కిపడింది. "నువ్వంత ముచ్చటపడి చేశావు. వినపడట్లేదంటే చిన్నబుచ్చుకుంటావని, చెప్పొద్దన్నారు. నేనున్నాగా, తట్టి వేయిస్తున్నా."

భుజం తట్టే మనిషి లేని ఇళ్లెన్ని ఉంటాయి! ఆవిడ వెంటనే ఫ్యాక్టరీకి ఫోన్ చేసి ఆపమంది. అవతల మేనేజరు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఎంత నష్టమైనా సరే, ఆపాల్సిందేనంది.

తర్వాత తండ్రి వెనక నిలబడి, నాన్నా అని పిలిచింది. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా పిలిచింది. ఆయన పళ్లచక్రానికి నూనె వేస్తున్నాడు. భయంతో ముందుకొచ్చి కూర్చుంది.

"నాన్నా, నా మాటలు వినపడుతున్నాయా?"

ఆయన ఆవిడ పెదవుల వంకే చూసి, మెల్లగా నవ్వాడు.

"ఎదురుగా ఉంటే తెలిసిపోతుందమ్మా. నీ గొంతు ఎలా ఉండేదో, అదే మర్చిపోతున్నా."